విప్పే ఏర్పాటు లేని బెల్టు

రిజర్వాయర్ రోడ్డు మూడో మలుపు దగ్గర కారు రెయిలింగు విరగ్గొట్టుకుని నీళ్ళలో పడింది. అక్కడ లోతు పెద్దగా లేదు. మనిషి నిలబడితే ఛాతీ దాకా వస్తాయి నీళ్ళు. కాలేజీ రోజుల్లో ఈతపోటీల్లో కప్పులు గెలిచిన రాడార్ ఇంజనీరు ఆ నీళ్ళలో కూర్చున్నచోటే మునిగి చనిపోయాడు. కారు తలుపు తెరిచే ఉంది. అద్దం పగిలే ఉంది. సీటు బెల్టు మాత్రం ఊడలేదు.

పోలీసులు దాన్ని ప్రమాదం అని రాసుకుని భోజనానికి వెళ్ళారు. కిందటి నెలలో అదే మలుపు దగ్గర, అదే రాడార్ మీద పనిచేసిన మరో ఇంజనీరు అచ్చం ఇలాగే పోయినప్పుడు కూడా ఇదే రాసి ఇలాగే భోజనానికి వెళ్ళారు. పోలీసుల ఆకలికి ఏ శవమూ అడ్డం రాదు.

ఆ రాడార్ డిజైన్ పూర్తిగా తెలిసినవాళ్ళు ముగ్గురే. ఇద్దరు పోయారు. మూడో మనిషి రహస్య శాఖ చీఫ్‌కి ఒక్కగానొక్క కూతురు. అప్పుడు గానీ శాఖకి మెలకువ రాలేదు.

“కూర్చోండి అల్లుడుగారూ,” అన్నాడు చీఫ్.

కూతురి పెళ్ళయిన దగ్గర్నుంచి చీఫ్ ఈ ఏజెంటుని గౌరవంగానే తిడుతున్నాడు. అల్లుణ్ణి ‘నువ్వు’ అనడానికి ఆయనకు నోరు రాదు. మెచ్చుకోవడానికి అసలే రాదు. రికార్డుల్లో ఈ ఏజెంటు పేరు డేగ. కారిడార్లలో మాత్రం గుమాస్తా దగ్గర్నుంచి అందరూ అల్లుడనే అంటారు. డేగ అన్నది అతను తనకు తాను పెట్టుకున్న పేరు కాబట్టి మనమూ అల్లుడనే అందాం.

“పోయిన మిషన్‌లో మీరు ఎవర్ని పట్టుకున్నారో గుర్తుందా?”

“ఉంది చీఫ్. పోస్ట్‌మ్యాన్‌ని.”

“ఏ పోస్ట్‌మ్యాన్‌ని?”

“నిజం పోస్ట్‌మ్యాన్‌నే చీఫ్. మీసం చూస్తే పెట్టుడు మీసంలా ఉంది.”

“లాగి చూశారు.”

“చూశాను.”

“ఊడిందా?”

“లేదు చీఫ్.”

చీఫ్ ఆ సంగతి ఇంకా జీర్ణం కానట్టు కాసేపు కళ్ళు మూసుకున్నాడు. తర్వాత ఫైలు పక్కకు నెట్టి అసలు విషయానికి వచ్చాడు. సరిహద్దు అవతలి ముఠా ఒకటి కార్ల సీటు బెల్టుల్లో ఏదో అమర్చి ఇంజనీర్లను చంపుతోంది. ఎవరు అమరుస్తున్నారో, ఎక్కడ అమరుస్తున్నారో ‘వెన్నెల’కి తెలిసింది. వెన్నెలని ఈ మధ్యాహ్నమే కలవాలి.

వెన్నెల అన్నది కోడ్ నేమ్. ఊళ్ళో అందరూ ఆవిణ్ణి మేడమ్ అంటారు. నగరంలోకెల్లా ఖరీదైన కార్ల షోరూమ్, దానికింద సర్వీస్ సెంటరు ఆవిడవి. ముఠాలో ఉంటూనే మూడేళ్ళుగా శాఖకి సమాచారం ఇస్తోంది. ఆవిడ ఇచ్చిన సమాచారంలో ఒక్కటీ అబద్ధం కాలేదు, ఒక్కటీ సమయానికి అందలేదు. ఇందులో మొదటి సగమే చీఫ్ గమనించాడు. గమనించి, ఆ విశ్వాసానికి గుర్తుగా శాఖ కార్లన్నీ ఆవిడ దగ్గరే సర్వీసింగుకి ఇమ్మని ఆర్డరు వేశాడు. శాఖవాళ్ళ కుటుంబాల కార్లక్కూడా అక్కడ రాయితీ ఉంది. ‘మన మనిషే కదా’ అన్నది ఆ శాఖలో అన్నిటికన్నా పెద్ద సెక్యూరిటీ క్లియరెన్సు.

“మీ అమ్మాయి ఇవాళ సాయంత్రం రాడార్ టెస్ట్ రేంజ్‌కి బయల్దేరుతోంది,” అన్నాడు అల్లుడు. “ఆ రోడ్డే.”

“తెలుసు.”

“వెళ్ళొద్దని చెప్పండి మామగారూ.”

“ఆఫీసులో చీఫ్ అనండి. మీరు చెబితే వింటుందా?”

“వినదు. మీరు చెబితే?”

ఇద్దరూ కాసేపు కిటికీలోంచి ఎదుటి గోడ చూశారు.

చూడక ఏం చేస్తారు మరి. ఆ అమ్మాయి చిన్నప్పటి నుంచి తండ్రి చెప్పే అబద్ధాల మధ్య పెరిగింది. అబద్ధాలాడని మనిషినే చేసుకుంటానని పంతం పట్టి, ఇన్సూరెన్సు కంపెనీలో లెక్కలు తనిఖీ చేసుకునే నెమ్మదస్తుడైన ఆడిటర్ని ప్రేమించి పెళ్ళాడింది. ఆ ఆడిటరు తన తండ్రి పంపిన ఏజెంటేనని ఏడాది కిందటే తెలిసింది. కోపం వస్తే ఆమె భర్తని ‘మీరు’ అంటుంది. ఈ ఏడాదిలో అతనికి ‘మీరు’ తప్ప మరో పిలుపు వినపడలేదు. భార్యంటే అతనికి ప్రాణం. అది మాత్రం శాఖ నేర్పింది కాదు, కానీ ఆ మాట ఇప్పుడు చెప్పినా నమ్మే దిక్కు లేదు.

టెక్నికల్ విభాగం అధిపతి పరికరాల ట్రే పట్టుకుని వచ్చాడు. అతన్ని శాఖలో ‘బుర్ర’ అంటారు. ఎందుకంటారో అతనికి తప్ప అందరికీ తెలుసు.

“ఇది షూ. మడమలో కత్తి. వంగి ఇలా తిప్పితే చాలు, బయటికొస్తుంది,” అన్నాడు బుర్ర. “ఇది పెన్ను. లోపల ట్రాన్స్‌మిటర్. ఇది గాలిబొజ్జ. చొక్కా కింద కట్టుకుని ఊదుకుంటే లావుపాటి వ్యాపారస్తుడైపోతారు. కాల్ చేస్తే ఇవాళ్టి కోడ్ ‘పావురం’. భోజనాలయ్యాక మారుతుంది.”

“మారితే కొత్తది?”

“రేపు పొద్దున్న బ్రీఫింగ్‌లో చెబుతాం.”

“మరి ఈ మధ్యాహ్నం నేను కాల్ చేయాల్సొస్తే?”

బుర్ర కాస్త ఆలోచించాడు. “చేయకండి,” అన్నాడు.

* * *

షోరూమ్‌లో నేల మీద ముఖం చూసుకోవచ్చు. అల్లుడు చూసుకున్నాడు. పెట్టుడు జుట్టు, బంగారు ఫ్రేము కళ్ళద్దాలు, ముందుకు పొడుచుకొచ్చిన బొజ్జ. తనకు తనే నచ్చాడు.

మేడమ్ ఎదురొచ్చింది. నల్ల సూటు, మెడలో ముత్యాల దండ, ఎత్తు మడమల టక్కుటక్కు, పక్కనుంచి వెళ్ళినవాడి మతి పోగొట్టే సెంటు. శిక్షణలో ‘ఆకర్షణకు లొంగకుండుట’ అన్న పేపర్లో అల్లుడు రెండోసారి పాసయ్యాడు. ఆ రెండోసారి కూడా బొటాబొటీ మార్కులే.

“ఈ కారులో సామాను ఎక్కువ పడుతుందా?” అన్నాడు గొంతు మార్చి. అది కోడ్.

“మీ సామాను బరువును బట్టి,” అంది ఆమె. అదీ కోడే. తర్వాత అతని బొజ్జ వైపు చూసి పెదవి విరిచింది. అది కోడ్ కాదు.

ఆమె అద్దాల గదిలోకి తీసుకెళ్ళి తలుపు మూసి, గొంతు తగ్గించి చెప్పింది. బెల్టులు బిగించేవాడు టెస్ట్ రేంజ్‌లో పనిచేసే వాచ్‌మ్యాన్ అట. ఊరికి ఈ చివర రైల్వే గోడౌన్లో దాక్కున్నాడట. ఇంకో గంటలో పారిపోతాడట. “మీరు తప్ప వాణ్ణి ఎవరూ పట్టుకోలేరు,” అంది, అతని చేతి మీద చెయ్యి వేసి.

ఆ చివరి మాట విన్నాక అల్లుడు ఇంకేమీ అడగలేదు. రైల్వే గోడౌన్ ఊరికి పడమర. రిజర్వాయర్ రోడ్డు తూర్పు. ఆ తేడా గమనించడానికి గూఢచారి కానక్కర్లేదు, మతి ఉంటే చాలు.

బేస్‌మెంట్లో శాఖ కారు ఉంది. నిన్ననే ఇక్కడ సర్వీసు చేయించింది. అల్లుడు ఎక్కి, తాళంచెవి పెట్టి, బొజ్జ సర్దుకుని బెల్టు లాగి పెట్టుకున్నాడు. బెల్టు లేకుండా దొరికితే ట్రాఫిక్ కెమెరా ఫోటో తీస్తుందని, ఫోటోలో ముఖం పడితే మారువేషం దండగని చీఫ్ సర్క్యులర్.

ఇంజన్ స్టార్ట్ చేయబోతుంటే నడుం దగ్గర కిర్రుమంది. బెల్టు వేలెడంత లోపలికి పోయింది.

ఎర్ర బటన్ నొక్కాడు. బటన్ లోపలికి వెళ్ళింది, మళ్ళీ పైకి రాలేదు. మర్యాదగా లాగాడు. తర్వాత మర్యాద లేకుండా లాగాడు. లాగిన ప్రతిసారీ భుజం దగ్గర ఒక కిర్రు, నడుం దగ్గర ఒక కిర్రు. రెండు చోట్లా ఇంకాస్త బిగిసింది.

కత్తి గుర్తొచ్చింది. కత్తి మడమలో ఉంది. మడమ అందాలంటే వంగాలి. వంగితే బెల్టు బిగుస్తుంది. పిస్టల్ గుర్తొచ్చింది. పిస్టల్ ఎడమ నడుం దగ్గర సరిగ్గా బెల్టు కిందే ఇరుక్కుని పక్కటెముకలో గుచ్చుకుంటోంది. బుర్ర పరికరాలన్నీ కట్లు లేని మనిషి కోసం చేసినవి. కట్లు లేని మనిషికి వాటి అవసరం ఏమిటని శాఖలో ఎవరూ అడగలేదు.

అప్పుడు అల్లుడికి ఒక ఆలోచన వచ్చింది. అతని ఆలోచనలన్నిటిలాగే ఇదీ వచ్చినప్పుడు బ్రహ్మాండంగానే ఉంది. గాలిబొజ్జలో గాలి తీసేస్తే అంత ఖాళీ దొరుకుతుంది, కిందినుంచి జారిపోవచ్చు. బొడ్డు దగ్గరున్న బిరడా లాగాడు. బొజ్జ బుస్సుమంది. బొజ్జ తగ్గినంత మేరా బెల్టు కిర్ర్ర్‌ర్ మంటూ చుట్టుకుపోయి, ఇప్పుడు బొజ్జకి బదులు అతన్నే పట్టుకుంది.

పెన్ను తీసి నోటి దగ్గర పెట్టుకున్నాడు. “డేగ మాట్లాడుతున్నాను. ఎమర్జెన్సీ.”

“కోడ్?” అంది పెన్ను, బుర్ర గొంతుతో.

“పావురం.”

“అది పొద్దుటిది.”

“తెలుసు! కొత్తది నాకు చెప్పలేదు! బుర్రా, నేను కార్లో ఇరుక్కుపోయాను.”

“డేగ ఎప్పుడూ ఇలా బతిమాలడు,” అన్నాడు బుర్ర అనుమానంగా. “మీరెవరో గానీ, శత్రువులైతే మర్యాదగా లొంగిపోండి.” పెన్ను ఆగిపోయింది.

బేస్‌మెంట్లో మడమల చప్పుడు వినిపించింది. మేడమ్ వస్తోంది. వెనకాల నూనె మరకల డ్రెస్సులో ఒక మెకానిక్కు. ఆమె చేతిలో గేటు రిమోట్ లాంటి చిన్న నల్ల డబ్బా ఉంది. అది పైకెత్తి బటన్ నొక్కింది.

కిర్రు. అల్లుడి నోట్లోంచి చిన్న మూలుగు వచ్చింది.

మేడమ్ ఆగిపోయింది. దగ్గరికొచ్చి కారు అద్దంలోంచి తొంగిచూసింది. తలుపు తెరిచింది. ఆమె ముఖంలో కనిపించింది విజయం కాదు, విసుగు.

“ఇదేంట్రా?” అంది మెకానిక్కుతో. “టెస్ట్ చేస్తే ఇతనిది బిగుసుకుందేంటి? ఇతను వచ్చే వారం కదా?”

“అదీ... ఇదీ ఒకటే ఫ్రీక్వెన్సీ మేడమ్.”

“ఒకటే ఎందుకు పెట్టావ్?”

“చవగ్గా వస్తున్నాయని పెట్టెడు ఒకేసారి తెచ్చాం. అన్నిటికీ ఒకటే ఉంది. మీరే కదా చవగ్గా చూడమన్నారు?”

మేడమ్ మెకానిక్కుని తిట్టిన తిట్లు ఇక్కడ రాయడానికి వీల్లేదు. కస్టమర్లతో మాట్లాడే గొంతుతోనే, నవ్వు చెరగకుండా తిట్టింది. పని రానివాడివంది. వాడి చేతులు మనిషి చేతులు కావంది. వాడు వింటూ నేల చూశాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

సరిహద్దు అవతలి ముఠా గొప్పగా ఉంటుందని ఇవతలి శాఖ, ఇవతలి శాఖ గొప్పగా ఉంటుందని అవతలి ముఠా ఇన్నాళ్ళూ భయపడుతున్నాయి. రెండింటి పనితనం ఆ బేస్‌మెంట్లో ఒకేచోట కనిపించింది. అది చూసి నవ్వడానికి అక్కడ మూడో పక్షం మనిషి లేకపోయాడు.

“మేడమ్, మీరా?” అన్నాడు అల్లుడు. ఇప్పుడు తట్టింది పాపం.

“మూడేళ్ళు పట్టింది మీకు,” అంది ఆమె. “మీ మామగారికి ఇంకా పట్టలేదు. మీ ఆవిడ కారు పోయిన వారం ఆయనే ఫోన్ చేసి మరీ పంపించాడు, కాస్త శ్రద్ధగా చూడమని. శ్రద్ధగానే చూశాం. ఈపాటికి ల్యాబ్ నుంచి బయల్దేరి ఉంటుంది. నేను వెనకాలే వెళ్ళి మలుపు దగ్గర ఇది నొక్కుతాను. అక్కడ మా లారీ ఉంది. ఒక్క తోపు. పైకి ప్రమాదమే.”

ఆడిటరు, డేగ, వ్యాపారస్తుడు అందరూ పోయి, ఆ సీట్లో భయపడిపోయిన మొగుడొక్కడే మిగిలాడు.

“ఆమెని వదిలెయ్యండి. కావాలంటే నన్ను...”

“మిమ్మల్ని ఎవరడిగారు?” అంది మేడమ్. చెయ్యి చాచి తాళంచెవి లాగి మెకానిక్కు మీదికి విసిరింది. “నేను వచ్చేదాకా ఇక్కడే కాపలా ఉండు. ఇదైనా చేతనవుతుందా?” అంటూ ఎర్ర స్పోర్ట్స్ కారెక్కి వెళ్ళిపోయింది.

* * *

మెకానిక్కు తెరిచున్న తలుపు దగ్గర నిలబడి నూనె గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాడు. తుడిచిందే తుడుస్తున్నాడు.

అల్లుడు అతని ఎర్ర చెవులు చూశాడు. మనుషుల్ని గమనించడం అతనికి ఉద్యోగంలో ఎప్పుడూ చేతకాలేదు. తిట్లు తిన్న మనిషిని మాత్రం వెంటనే గుర్తుపట్టగలడు. రోజూ ఆఫీసులో తినేది అవే.

“ఆవిడ అన్నదాంట్లో తప్పేముందిలే,” అన్నాడు తేలిగ్గా. “చెత్త పని. ఇంకో రెండు గుంజులు గుంజితే ఊడొస్తుంది.”

“ఊడదు,” అన్నాడు మెకానిక్కు.

“ఇదిగో, బకిల్ అప్పుడే కదులుతోంది. పని రానివాడి పని ఇలాగే ఉంటుంది.”

“కదిలే ప్రసక్తే లేదు సార్! పైనొక పళ్ళచక్రం, కిందొకటి. లాగినకొద్దీ బిగుస్తాయి గానీ వదలవు. బ్రేకేసి ముందుకు తూలినా ఒక పన్ను బిగుసుకుంటుంది. నా చేత్తో చేశాను.”

“మరి ఇది కదులుతోందేంటి? వచ్చి చూడు.”

తప్పు పట్టినవాడికి తప్పు లేదని చూపించకపోతే పనివాడికి నిద్ర పట్టదు. మెకానిక్కు వంగి, తల లోపలికి పెట్టి బకిల్ చూశాడు. అల్లుడికి బెల్టు నడుముని కట్టేసింది గానీ చేతుల్ని కాదు. రెండు చేతులతో మెకానిక్కు కాలర్ పట్టి స్టీరింగు మీదికి గుద్దాడు. హారన్ మోగింది. జేబులోంచి తాళంచెవి లాగేశాడు. కాలర్ వదలకుండా వాణ్ణి తన ఒడి మీదుగా పక్కసీట్లోకి ఈడ్చాడు. తన ఉద్యోగంలో అనుకున్నది అనుకున్నట్టు జరగడం ఇదే మొదటిసారి కాబట్టి ఒక క్షణం అతనికే నమ్మకం కలగలేదు.

“దీన్ని ఎలా విప్పాలి? చెప్పు!”

“విప్పడమేంటి సార్?” అన్నాడు మెకానిక్కు ముక్కు పట్టుకుని. “విప్పే ఏర్పాటు లేదు. ఎవరు పెట్టమన్నారు? నీళ్ళలో పోయినవాడు వచ్చి విప్పమని అడుగుతాడా?”

కారు బేస్‌మెంట్లోంచి రోడ్డు మీద పడింది.

ఊరు దాటేలోపు అల్లుడు రెండుసార్లు బ్రేకేయాల్సొచ్చింది. ఒకసారి స్కూలు బస్సు, ఒకసారి ఎద్దులా రోడ్డుకి అడ్డంగా నిలబడి ఫోన్ మాట్లాడుతున్న పెద్దమనిషి. రెండుసార్లూ రెండు పళ్ళు బిగుసుకున్నాయి. పిస్టల్ పక్కటెముకని వెతుక్కుని మరీ గుచ్చుతోంది. ఊపిరి సగమే లోపలికి వెళ్తోంది. మెకానిక్కు మాత్రం తన పక్క బెల్టు తీసుకుని గబగబా పెట్టుకున్నాడు. అది మామూలు బెల్టు.

“నీ ఫోన్ తియ్యి,” అన్నాడు అల్లుడు. “ఈ నంబరు కొట్టి స్పీకర్ పెట్టు.”

మొదటిసారి భార్య కట్ చేసింది. రెండోసారి ఎత్తింది. “నేను డ్రైవింగ్‌లో ఉన్నాను. ఎవరు?”

“నేనే. కారాపు. ముందు బెల్టు తీసెయ్యి.”

ఆమె గొంతు చల్లగా వచ్చింది. “ఎవరి నంబర్లోంచో చేస్తున్నారే. ఇవాళ ఏ ఊళ్ళో ఆడిట్?”

“ఆడిట్ కాదు. నీ బెల్టులో ఏదో పెట్టారు. మీ ఇద్దరు ఇంజనీర్లనీ అలాగే చంపారు. నీ వెనకాల ఎర్ర కారు ఉందా?”

“రోడ్డు మీద ఎర్ర కార్లుంటాయి. నేను రేంజ్‌కి వెళ్ళకూడదని నాన్న చెప్పించారా? మొన్న ఒంట్లో బాగాలేదన్నారు. దానికి ముందు ఊళ్ళో అల్లర్లన్నారు. ఇవాళ బెల్టా? ఆలోచించి చెప్పుండాల్సింది. ఇది మరీ పేలవంగా ఉంది.”

“ఒట్టు. నిజం.”

“మీరు ఒట్లు కూడా వేస్తారు. పెళ్ళిలో వేశారుగా.”

ముందు మలుపు వచ్చింది. బ్రేకేయకుండా తిప్పాడు. మెకానిక్కు కెవ్వుమన్నాడు. పక్కనే రిజర్వాయరు నీళ్ళు కనిపించి అల్లుడి గొంతు జీరబోయింది.

“నాకు భయమేస్తోంది,” అన్నాడు. “నేనూ అలాంటి బెల్టులోనే ఇరుక్కుని ఉన్నాను. ఊపిరాడటం లేదు. ఏం చేయాలో తెలియట్లేదు. నువ్వు చచ్చిపోతావేమోనని నాకు చాలా భయంగా ఉంది. నీకు దణ్ణం పెడతాను, ఆ బెల్టు తియ్యి.”

ఆమె మెల్లిగా, “నీ గొంతేంటి అలా ఉంది?” అంది.

‘నీ’ అంది. ఏడాది తర్వాత.

వెంటనే ఫోన్లో టక్కుమని చప్పుడైంది. ఫోన్ కింద పడ్డట్టుంది, కాల్ తెగిపోయింది.

“ఆ టక్కు ఏంటి?” అల్లుడు మెకానిక్కు మీద అరిచాడు. “బెల్టు తీసిన చప్పుడా, బిగిసిన చప్పుడా?”

“ఎలా చెప్పను సార్, రెండూ టక్కుమనే అంటాయి!”

* * *

మూడో మలుపు కనిపించింది. కొండ వైపు సందులోంచి లారీ అప్పటికే బయటికొచ్చింది. ఆమె తెల్ల కారుని పక్కనుంచి తోస్తూ రెయిలింగు దాకా తీసుకెళ్ళింది. రెయిలింగు వంగుతోంది. కాస్త వెనకగా ఎర్ర కారు ఆగి ఉంది. అందులోంచి నల్ల సూటు చెయ్యి ఒకటి బయటికి చాచి, రిమోట్ బటన్ పదేపదే నొక్కుతోంది. నొక్కిన ప్రతిసారీ ఇక్కడ అల్లుడి నడుం దగ్గర కిర్రు.

“బ్రేకెయ్యండి సార్!”

“వేస్తే ఇంకో పన్ను బిగుస్తుందన్నావుగా,” అన్నాడు అల్లుడు. యాక్సిలేటర్ మీద కాలు నొక్కిపెట్టాడు.

శాఖ కారు వెళ్ళి లారీ ముందు చక్రాన్ని గుద్దింది. లారీ తల పక్కకు తిరిగి కొండరాళ్ళలో ఇరుక్కుంది. అల్లుడి పక్కటెముకల్లో ఏదో విరిగింది. ఎదురుగా పగిలిన అద్దంలోంచి చూశాడు. తెల్ల కారు ముందు చక్రాలు రెండూ రెయిలింగు దాటి గాలిలో ఉన్నాయి. కారు ఒకసారి ఊగింది. ఇంకోసారి ఊగింది. తర్వాత మెల్లిగా, తొందరేమీ లేనట్టు ముక్కు దించి కిందికి పోయింది.

నీళ్ళ చప్పుడు వినిపించింది.

అల్లుడు రెండు చేతులతో బెల్టు పట్టి పీకాడు. బిగిసింది. మళ్ళీ పీకాడు. మళ్ళీ బిగిసింది. దూకుదామంటే నడుం లేదు, పిలుద్దామంటే ఊపిరి లేదు. మనిషి లోతు కూడా లేని నీళ్ళు అల్లంత దూరంలో ఉన్నాయి, అతను సీట్లో కూర్చుని ఏడుస్తున్నాడు. పక్కనున్న మెకానిక్కు అటు చూడలేక ముఖం తిప్పుకున్నాడు. తన పనితనం ఎంత గట్టిదో ఎదురుగా చూడటం వాడికీ ఇదే మొదలు.

“అద్దం దించు,” అన్నారెవరో.

భార్య కారు పక్కనే నిలబడి ఉంది. నుదుటి మీద గీరుకుపోయింది, జుట్టు రేగిపోయింది, ఒక కాలికి చెప్పు లేదు. ఒళ్ళు పొడిగానే ఉంది.

“ఆ టక్కు...” అన్నాడు అల్లుడు.

“తీసిన చప్పుడే. లారీ తగలగానే తలుపు తీసుకుని దూకేశాను.” కారు తలుపు పట్టుకుని నిలదొక్కుకుంది. “అబద్ధం చెప్పేటప్పుడు నువ్వు చాలా ధైర్యంగా మాట్లాడతావు. భయమేస్తోందని ఎప్పుడూ అనలేదు. అందుకని తీశాను.”

వెనకాల గోల మొదలైంది. మేడమ్ ఎర్ర కారుని వెనక్కి తిప్పబోయింది. రోడ్డు ఇరుకు. ముందు లారీ, వెనక ఇళ్ళకు పోయే జనం కార్లన్నీ వరసగా ఆగి హారన్లు కొడుతున్నాయి. సరిహద్దు అవతల శిక్షణ పొంది, మూడేళ్ళు ఒక శాఖ మొత్తాన్ని ఆడించిన మనిషికి ఆ జనం అంగుళం దారివ్వలేదు. ‘మేమూ తొందర్లోనే ఉన్నాం’ అన్నారు. ఆమె కారు దిగి పరుగెత్తబోతే మెకానిక్కు తన బెల్టు విప్పుకుని దిగి, అందరికీ వినపడేలా, “ఈవిడే! ఇదంతా చేయించింది ఈవిడే!” అని వేలెత్తి చూపించాడు. వాడు అంత తృప్తిగా ఏ పనీ చేసి ఉండడు. తర్వాత వాణ్ణి కూడా జనమే పట్టుకున్నారు.

కాసేపటికి చీఫ్ వచ్చాడు. పోలీసులకు వచ్చిన ఫోన్లు విని వచ్చాడు, శాఖకి ఎవరూ ఏమీ చెప్పలేదు. నీళ్ళలో తేలుతున్న తెల్ల కారు డిక్కీ చూసి అక్కడే ఆగిపోయాడు. కూతురు నిలబడి కనిపించాక గానీ ఆయన కాళ్ళు కదల్లేదు. దగ్గరికొచ్చి ఆమె తల నిమరబోయి, ధైర్యం చాలక చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

“బెల్టు కోసేయమంటారా చీఫ్?” అన్నాడు వెంట వచ్చిన బుర్ర. “శాఖ ఆస్తి. అప్రూవల్ కావాలి.”

ఆగిపోయిన కార్లలో ఒకావిడ అడక్కుండానే బ్యాగులోంచి కత్తెర తీసి ఇచ్చింది. భార్య అది తీసుకుని భుజం మీది బెల్టు కోసింది. అల్లుడు రెండు మూడు సార్లు గట్టిగా ఊపిరి తీసుకుని, నొప్పికి మెలికలు తిరిగి, కళ్ళు తుడుచుకున్నాడు. ఆమె నడుం దగ్గరి బెల్టు కింద కత్తెర పెట్టింది. పెట్టి, ఆగింది.

ఆలోచించింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఈ మనిషి ఒక్కచోట కదలకుండా తనకు దొరికింది ఇప్పుడే.

“నాన్నా, మీరూ ఈ బుర్రగారూ కాసేపు అవతలికెళ్ళండి,” అంది. చీఫ్ మారుమాట్లాడకుండా వెళ్ళాడు. కూతురు చెప్పినట్టు వినడం అప్పటి నుంచీ మొదలుపెట్టాడనుకోవచ్చు.

ఆమె పగిలిన అద్దం ముక్కలు దులిపి పక్కసీట్లో కూర్చుంది. కత్తెర ఒళ్ళో పెట్టుకుంది.

“మనం మొదటిసారి కలిసినప్పుడు నాతో నువ్వు మాట్లాడిన మాటలు, అవి నీవేనా? నాన్న రాసిచ్చినవా?”

“జవాబు చెప్పకండి అల్లుడుగారూ! అది క్లాసిఫైడ్!” రోడ్డు అవతలి నుంచి చీఫ్ కేకేశాడు.

శత్రువు చేతికి చిక్కితే గోళ్ళు పీకినా నోరు విప్పకుండా ఉండే శిక్షణ శాఖ అతనికి ఇచ్చింది. ఎదురుగా ఉన్నది శత్రువు కాదు.

“సగం మామగారివి,” అన్నాడు అల్లుడు. “నువ్వు నవ్విన మాటలు మాత్రం నావి.”

ఆమె నవ్వలేదు. కానీ చూపు తిప్పుకోవడానికి కాస్త టైము పట్టింది. దూరంగా అంబులెన్సు సైరన్ వినిపించింది. మధ్యలో కార్ల వరస ఇంకా అలాగే ఉంది, ఎవరూ ఎవరికీ దారివ్వడం లేదు.

“అది ఇక్కడికి రావడానికి చాలాసేపు పడుతుంది,” అంది ఆమె తీరిగ్గా. “రెండో ప్రశ్న.”